తెరచాప యుద్ధనౌకల బుల్లి మోడళ్లు: ఏ స్కేలు కొనాలి, రంగు ఎలా వేయాలి, తాళ్లు కట్టాలా వద్దా

1805 అక్టోబర్ 21న జరిగిన ట్రఫాల్గర్ నౌకా యుద్ధాన్ని మోడల్ ఓడలతో బల్ల మీద ఆటగా ఆడాలంటే పెద్ద ఓడలే అరవై కావాలి. బ్రిటిష్ వైపు 27, ఫ్రెంచి, స్పానిష్ వైపు కలిపి 33. అంతకు ఏడాది ముందు, 1804 సెప్టెంబరులో విశాఖపట్నం రేవు ముందు జరిగిన పోరుకైతే ఆరు ఓడలు చాలు. లంగరేసి ఉన్న 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్, దాని కాపలాలో రెండు వర్తక ఓడలు, వాటి మీదికి వచ్చిన ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ దళంలో 74 ఫిరంగుల మరెంగో, రెండు ఫ్రిగేట్లు (చిన్న, వేగంగా నడిచే యుద్ధనౌకలు). అంతే.

ఏ స్కేలు కొనాలి, ఏ రంగు వాడాలి అని అడిగేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఈ అంకెనే. మీకు కావలసినవి ఆరా, అరవయ్యా? అది తేలాక స్కేలు దాదాపు దానంతటదే తేలుతుంది. రంగు వేసే క్రమం, తాళ్ల సంగతి ఆ స్కేలును బట్టి మారతాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అందంగా కనిపించిన పెద్ద మోడల్ ఒకటి కొని, దానికి మూడు వారాలు తాళ్లు కట్టి, అదే స్కేలులో ఇంకా ముప్పై చేయాలని గుర్తొచ్చాక పెట్టె మూసేస్తారు.

ఏమేం చూసుకోవాలి

ఓడల సంఖ్య గురించి చెప్పాను. రెండోది చూసే దూరం. ఆటగాళ్లు బల్ల పక్కన నిలబడి రెండు మూడు అడుగుల నుంచి చూస్తారు. అంత దూరం నుంచి తెరచాపల ఆకారం, ఓడ పక్క మీది చారలు, జెండా స్పష్టంగా కనిపిస్తాయి. డెక్ మీది ఫిరంగి బండ్లు, తాడు చుట్టలు కనిపించవు. కాబట్టి పనిగంటల్లో ఎక్కువ భాగం ఆ మూడింటికీ పోవాలి.

మూడోది చేతి దెబ్బ. వార్‌గేమ్ (బల్ల మీద ఆడే యుద్ధపు ఆట) ఓడ అలమారాలో కూర్చునే బొమ్మ కాదు, సాయంత్రానికి యాభైసార్లు చేతులు మారుతుంది. అందరూ దాన్ని పట్టుకునేది స్తంభాల దగ్గరే, పట్టుకోవద్దని ఎంత చెప్పినా సరే. నాలుగోది మీరు ఆడే ఏడాది. రంగులు, జెండాలు దాన్ని బట్టే ఉంటాయి. దాని గురించి కింద విడిగా రాశాను.

స్కేళ్ల పోలిక

స్కేలు 1/700 అంటే మోడల్ నిజం ఓడలో ఏడువందో వంతు. ట్రఫాల్గర్‌లో బ్రిటిష్ దళాన్ని నడిపిన అడ్మిరల్ నెల్సన్ ఓడ విక్టరీ ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు, అంటే 56.7 మీటర్లు. దాన్నే కొలతగా తీసుకుందాం. ఆఖరి వరుసలో ట్రఫాల్గర్‌లోని 33 ఓడల శత్రు వరుసను ఖాళీ లేకుండా నిలిపితే పట్టే స్థలం ఉంది. ఓడ కింద అంటించే పలక పొడవును ఒక్కో స్కేలుకు వరుసగా సుమారు 110, 80, 65, 35 మి.మీ. అనుకుని లెక్క కట్టాను.

| | 1/700 | 1/1000 | 1/1200 | 1/2400 |
|---|---|---|---|---|
| విక్టరీ ఫిరంగి అంతస్తు | 81 మి.మీ. | 57 మి.మీ. | 47 మి.మీ. | 24 మి.మీ. |
| ఒక ఫిరంగి కిటికీ (నిజంలో 0.9 మీ.) | 1.3 మి.మీ. | 0.9 మి.మీ. | 0.75 మి.మీ. | 0.4 మి.మీ. |
| ఎక్కువగా దొరికే రూపం | ప్లాస్టిక్, కొన్ని రెసిన్ | రంగు వేసి వచ్చే ప్లాస్టిక్ | తగరం మిశ్రమ లోహం | తగరం మిశ్రమ లోహం |
| తాళ్లు కట్టడం | సులువు, కట్టకపోతే వెలితి | కట్టకపోయినా ఫరవాలేదు | సాధ్యమే, సన్న దారం కావాలి | అక్కర్లేదు |
| 33 ఓడల వరుస | 3.6 మీ. | 2.6 మీ. | 2.1 మీ. | 1.2 మీ. |

టేబుల్ టెన్నిస్ బల్ల పొడవు 2.74 మీటర్లు. 1/700 ఓడలతో ట్రఫాల్గర్ వరుస దాని మీద కూడా పట్టదు. 1/1000 అంచు దాకా వస్తుంది. ఓడలు తిరగడానికి చోటు ఉండాలంటే 1/1200 కానీ, అంతకంటే చిన్నవి కానీ తీసుకోవాలి.

1/700. వార్‌లార్డ్ గేమ్స్ 2019లో తెచ్చిన బ్లాక్ సీస్ ఆటతో ఈ స్కేలు బాగా వ్యాపించింది. ప్లాస్టిక్ ఓడలు, కాగితం మీద ముద్రించిన తెరచాపలు, పారదర్శక షీటు మీద ముద్రించిన తాళ్ల నిచ్చెనలు వస్తాయి. బ్రష్ కొత్తగా పట్టినవాళ్లకు ఇది సుఖం. కిటికీ మిల్లీమీటరు పైనే ఉంటుంది కాబట్టి మామూలు బ్రష్‌తో పెట్టేయవచ్చు. ఇబ్బంది ఏమిటంటే ఇక్కడ అన్నీ కనిపిస్తాయి. స్తంభం వంకర, జిగురు మరక, కాగితం తెరచాప తెల్లటి అంచు, ఏదీ దాగదు. కాగితం తెరచాపను కత్తిరించగానే అంచుల మీద లేత గోధుమ రంగు బ్రష్‌తో ఒకసారి లాగండి. ఈ ఒక్క పని చేస్తేనే అది కాగితంలా కనిపించడం మానేస్తుంది.

1/1000. ఏరీస్ గేమ్స్ 2013 నుంచి తెచ్చిన సెయిల్స్ ఆఫ్ గ్లోరీ ఓడలు రంగు వేసే వస్తాయి. ఈ వారమే ఆడాలనుకునేవారికి ఇవి సరిపోతాయి. వీటిని పూర్తిగా తుడిచి మళ్లీ రంగు వేయడం దండగ, ఆ శ్రమతో లోహపు ఓడ ఒకటి తయారవుతుంది. దానికి బదులు తెరచాపల మీద పలుచని గోధుమ వాష్ (గీతల్లోకి పారే నీళ్ల రంగు), ఆరాక అంచులకు ఐవరీ అనే దంతపు రంగుతో డ్రై బ్రష్ (దాదాపు ఆరిన బ్రష్‌తో పైపైన రుద్దడం), మొత్తానికి మ్యాట్, అంటే మెరుపు లేని, వార్నిష్ వేయండి. అరగంట పనితో బొమ్మ మెరుపు పోతుంది. స్తంభం వంగి వస్తే వేడి నీళ్లలో అర నిమిషం ముంచి, నిటారుగా పట్టుకుని వెంటనే చల్లటి నీళ్లలో పెట్టాలి.

1/1200. లాంగ్టన్, జీహెచ్‌క్యూ లోహపు ఓడలు ఈ స్కేలులోవే. లాంగ్టన్ ఓడలకు ఎచింగ్ చేసిన (రసాయనంతో చెక్కిన) పలుచని ఇత్తడి తెరచాపలు, తాళ్ల నిచ్చెనలు కూడా దొరుకుతాయి. నా ఓటు దీనికే. చారలు, కిటికీలు చేత్తో వేయగలిగినంత పెద్దగా ఉంటాయి. ముప్పై ఓడల దళం ఇంట్లోని భోజనాల బల్ల మీద తిరుగుతుంది. కానీ ఇవి తయారుగా రావు. పోత అంచులను సన్న ఆకురాయితో తీయాలి, స్తంభాల రంధ్రాలను 0.8 మి.మీ. డ్రిల్లుతో లోతు చేయాలి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. కడగడం మానేస్తే అచ్చులోని పొడి, వేలి జిడ్డు మిగిలిపోయి, ఆరు నెలల తర్వాత రంగు అంచుల దగ్గర పెచ్చులుగా లేస్తుంది.

ఇత్తడి తెరచాప కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. దానికి ముందు వంపు ఇవ్వండి, తర్వాతే రంగు. మౌస్ ప్యాడ్ లాంటి మెత్తటి దాని మీద పెట్టి బ్రష్ పిడిని దొర్లిస్తే గాలి నిండిన పొంగు వస్తుంది. రంగు వేశాక వంచితే పొర చిట్లుతుంది.

1/2400. టంబ్లింగ్ డైస్ లాంటి వాటి లోహపు ఓడలు. అసలు ట్రఫాల్గర్ ఆడాలన్నవారి దారి ఇది. ఒక్కో ఓడ మీద మురిసిపోయే వీలు తక్కువ, అయితే రెండు వరుసలూ బల్ల మీద నిలబడినప్పుడు కలిగే ఆనందం మిగతా స్కేళ్లలో దొరకదు.

ఇంట్లో రెసిన్ 3డి ప్రింటర్ ఉన్నవారికి ఇంకో దారి ఉంది. ఒకే ఫైలును ఏ స్కేలుకైనా తగ్గించుకోవచ్చు. కాకపోతే సగానికి తగ్గిస్తే స్తంభం మందం కూడా సగమవుతుంది, రెసిన్ పెళుసు కాబట్టి తాకగానే విరుగుతుంది. ఓడ ఒళ్లు ప్రింట్ చేసుకుని, స్తంభాలకు 0.5 నుంచి 0.8 మి.మీ. ఇత్తడి తీగ వాడండి.

ఓడ పక్కలు: ముందు పసుపా, ముందు నలుపా

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నెల్సన్ కాలపు ఓడ అంటే ఫిరంగి వరుసల వెంట పసుపు చార, మధ్యలో నల్ల చార, పసుపు చార మీద నల్లటి కిటికీ మూతలు, అంటే చదరంగం గళ్లు. దీన్ని రెండు క్రమాల్లో వేయవచ్చు.

మొదటి క్రమంలో నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) మీద పసుపు చారలు గీస్తారు. వినడానికి సులువు. అయితే పసుపు ఓకర్ (మట్టి పసుపు) నలుపును ఒక పూతలో కప్పదు, మూడు కావాలి. మూడుసార్లూ అదే గీత మీద బ్రష్ నడవదు. చార ఉబ్బుతుంది, అంచు వణుకుతుంది, కింద చెక్కిన కిటికీల గీతలు పూడిపోతాయి.

రెండో క్రమంలో పక్క మొత్తాన్ని ముందు పసుపుతో నింపి, దాని మీద నల్ల చారలు లాగుతారు. నలుపు పసుపును ఒక్క పూతలో కప్పుతుంది. గీత తప్పితే పసుపుతో సరిదిద్దవచ్చు. 1/700లోనూ 1/1200లోనూ ఇదే సరైనది. క్రమం ఇలా:

1. బూడిద లేదా గోధుమ ప్రైమర్.
2. పక్కలంతా ఓకర్. వల్లేహో కంపెనీ మోడల్ రంగుల్లో 70.913 యెల్లో ఓకర్, 70.976 బఫ్ (లేత గోధుమ) సమపాళ్లలో, నీళ్లతో పాల చిక్కదనానికి పలుచన చేసి రెండు పూతలు. ఒక్క ఓకరే వేస్తే మరీ గాఢంగా ఉంటుంది. విక్టరీ మీది పాత రంగు పొరలను పరీక్షించాక 2015లో దానికి వేసిన రంగు కూడా లేత, కొంచెం గులాబీ ఛాయ ఉన్న మీగడ పసుపే.
3. నీటి అంచు నుంచి పైకి నల్ల చారలు. స్వచ్ఛమైన 70.950 నలుపు చిన్న మోడల్ మీద గుంటలా కనిపిస్తుంది. 70.862 బ్లాక్ గ్రే సగం కలపండి.
4. కిటికీలు.
5. డెక్. ఇది చాక్లెట్ గోధుమ రంగు కాదు. ఎండకు, ఉప్పునీటికి, రోజూ రాళ్లతో తోమడానికి వెలిసిపోయిన చెక్క. 70.986 డెక్ టాన్ మీద పలుచని గోధుమ వాష్ చాలు.

1/2400కు మాత్రం జవాబు తిరగబడుతుంది. అక్కడ చార మందం అర మిల్లీమీటరు, గీయడం కుదిరే పని కాదు. నల్ల ప్రైమర్ వేసి, ఉబ్బెత్తుగా పోతపోసిన వరుసల మీద దాదాపు ఆరిన బ్రష్‌ను పక్కవాటుగా, ఓడ పొడవునా ఒకసారి లాగితే చార దానంతటదే పడుతుంది. పది ఓడలను ఐస్‌క్రీం పుల్లకు అంటించుకుని గంటలో ముగించవచ్చు.

కిటికీలకు బ్రష్ మంచిదా, పెన్ను మంచిదా? 1/1200లో ముప్పావు మిల్లీమీటరు చదరం పెట్టాలి. 0.2 మి.మీ. మొన ఉన్న పిగ్మెంట్ ఇంకు పెన్ను, సకురా మైక్రాన్ 005 లాంటిది, కొత్తవాళ్ల చేతికి సులువుగా లొంగుతుంది. దాని బలహీనత వార్నిష్ దగ్గర బయటపడుతుంది. ఆక్రిలిక్ పూత మీద ఇంకు కాగితం మీద పట్టినంతగా పట్టదు, తడి బ్రష్ తగలగానే సాగి పసుపు చారను మురికి చేస్తుంది. పెన్ను వాడితే ఒక రోజంతా ఆరనిచ్చి, స్ప్రే వార్నిష్‌నే పలుచగా వేయండి. బ్రష్ వాడేవాళ్లు 5/0 లాంటి సూది బ్రష్‌ల జోలికి పోవద్దు. వాటి పొట్టలో రంగు నిలవదు, ఓడను చేరేలోపే మొన ఆరిపోతుంది. మంచి మొన ఉన్న 0 లేదా 1 సైజు బ్రష్ ఇరవై కిటికీలు ఏకబిగిన పెడుతుంది. రెండు చివరలూ మధ్యదీ ముందు పెట్టి, తర్వాత మధ్యలో నింపుకుంటూ వస్తే ఎడం సమంగా వస్తుంది. ఒక చివర నుంచి మొదలుపెడితే అమరం (ఓడ వెనక కొస) దగ్గరకు వచ్చేసరికి రెండు కిటికీలు మిగిలిపోతాయి.

తెరచాపలు

తెల్లగా వేయకండి. నార గుడ్డ మీగడ రంగులో, కొంచెం గోధుమగా ఉంటుంది. తెల్లటి తెరచాపలు దూరానికి ప్లాస్టిక్ స్పూన్లలా మెరుస్తాయి.

వాష్ పద్ధతిలో బఫ్ పూత, దాని మీద గోధుమ వాష్, ఆరాక 70.819 ఇరాకీ శాండ్‌తో, చివర 70.918 ఐవరీతో పొంగిన చోట డ్రై బ్రష్. అచ్చులోనే కుట్టు గీతలు, మడత తాళ్ల వరుసలు చెక్కి ఉన్న లోహపు తెరచాపలకు ఇది అమోఘంగా పనిచేస్తుంది. నున్నటి ఇత్తడి, రెసిన్ తెరచాపలకు మాత్రం ప్రమాదం. పట్టుకోవడానికి గీతలు లేక వాష్ అంచులకు పారి, టీ కప్పు అడుగు పెట్టిన మరకలా వలయం కడుతుంది. వాష్‌లో అంతే ఆక్రిలిక్ మీడియం కలపండి, తెరచాప ఆరేదాకా బల్లపరుపుగా ఉంచండి, అంచున చేరిన చుక్కను తడి బ్రష్‌తో లాగేయండి. నున్నటి వాటికి ఇంకా మేలైన దారి, వాష్ మానేసి 2హెచ్ పెన్సిల్‌తో నిలువు కుట్లు గీయడం. నిజం గుడ్డ పలక వెడల్పు రెండడుగులు, 1/1200లో అర మిల్లీమీటరు. అన్నీ గీస్తే తెరచాప బూడిదగా మారుతుంది, రెండింటికొకటి గీస్తే చాలు.

తెరచాపలు ఎన్ని విప్పి ఉండాలన్నది కూడా కొనేటప్పుడే తేల్చుకోవాలి. అన్నీ విప్పిన ఓడ చూడముచ్చటగా ఉంటుంది. కానీ యుద్ధంలోకి దిగేటప్పుడు పెద్ద కింది తెరచాపలను పైకి లాగి కట్టేసి, పైవాటితోనే నడిపేవారు. వార్‌గేమ్‌కు ఆ యుద్ధ తెరచాపలే నయం. డెక్ కనిపిస్తుంది, పట్టుకునే వేలికి చోటు దొరుకుతుంది, రంగు వేయవలసిన గుడ్డ కూడా తగ్గుతుంది. విశాఖ పోరులో సెంచూరియన్ లంగరు మీద ఉంది, దానికి తెరచాపలన్నీ చుట్టేసిన స్తంభాలే న్యాయం.

తాళ్లు: మూడు దారులు

ఈ కాలక్షేపంలో అత్యంత ఎక్కువ గంటలు తినేది ఇదే కాబట్టి కొంచెం లెక్కగా చూద్దాం. ఇంట్లో దొరికే మిషన్ దారం మందం సుమారు 0.2 మి.మీ. దాన్ని 1/700 ఓడకు కడితే నిజంలో 14 సెంటీమీటర్ల మోకు అవుతుంది. పెద్ద యుద్ధనౌకల ప్రధాన మోకులు ఇంచుమించు అంత లావే. అదే దారం 1/1200లో 24 సెంటీమీటర్లు, అంటే తాటి దూలం. 1/2400లో దాదాపు అర మీటరు. అందుకే ఒకే దారం ఒకరి ఓడ మీద అందంగా, ఇంకొకరి ఓడ మీద మోటుగా కనిపిస్తుంది.

*ఏమీ కట్టకపోవడం.* 1/2400కు ఇదే సరి. 1/1200లో కూడా తప్పేమీ కాదు, ముప్పై ఓడలు త్వరగా బల్ల ఎక్కుతాయి, విరిగితే బాగు చేయడం సులువు.

*తాళ్ల నిచ్చెనలు మాత్రమే.* స్తంభాల నుంచి ఓడ అంచుకు దిగే త్రికోణపు వలలు. ఎచింగ్ ఇత్తడివి కానీ ముద్రించిన షీటువి కానీ ఆరు ముక్కలు అంటిస్తే దూరం నుంచి ఓడకు తాళ్లన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. పైగా ఇత్తడి నిచ్చెన మెత్తటి లోహపు స్తంభానికి ఊతంగా నిలుస్తుంది. 1/1200లో పెట్టిన శ్రమకు దీనికి మించిన ఫలితం లేదు.

*మోకులు కూడా.* స్తంభాల మధ్య ముందుకు లాగే మోకులు ఆరు, అమరం వైపు లాగే వెనక మోకులు ఆరు, మొత్తం పన్నెండు గీతలతో ఆపేయండి. అడ్డకొయ్యలను తిప్పే తాళ్లు, తెరచాప మూలల తాళ్లు మొదలుపెడితే అంతు ఉండదు, ఆటలో అవే ముందు తెగుతాయి.

పదార్థాల్లో నూలు దారానికి నూగు ఉంటుంది, తేనె మైనం మీద రెండుసార్లు లాగితే అణుగుతుంది. సాగే సన్న లైక్రా దారం ధర ఎక్కువ, అయితే వేలు తగిలినా సాగి మళ్లీ బిగుస్తుంది, ఆడే ఓడలకు దానికే మొగ్గు. 0.1 మి.మీ. తీగను కొలిచి కత్తిరించి రెండు కొసలనూ అంటించే పద్ధతి చక్కటి తిన్నటి గీతనిస్తుంది, స్తంభం మీద లాగుడు ఉండదు, కానీ ఒకసారి వంగితే మళ్లీ తిన్నగా రాదు.

తప్పు జరిగే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు మోకును బిగించి కడతారు, దానికి ఎదురు లాగే వెనక మోకు ఇంకా కట్టలేదు, స్తంభం అణియం (ఓడ ముందు కొస) వైపు వాలిపోతుంది. తర్వాత ఎంత లాగినా వాలు పోదు. నిచ్చెనలు మొదట అంటించి, పూర్తిగా గట్టిపడ్డాక, ప్రతి స్తంభానికీ ముందూ వెనకా జతగా, లోపలి నుంచి బయటికి, కింది నుంచి పైకి కట్టుకుంటూ రండి. ఫెవిక్విక్ లాంటి జిగురును సీసాతో చుక్క వేయకండి. సూది మొనతో తాకించండి. ఎక్కువైతే దాని ఆవిరి పక్కనున్న నల్ల రంగు మీద తెల్లటి బూజులా పేరుకుంటుంది. గాలిలో తడి ఉన్న రోజుల్లో ఇది మరీ ఎక్కువ. మ్యాట్ వార్నిష్ వేస్తే ఆ తెలుపు చాలావరకు పోతుంది, అందుకే వార్నిష్ చివర ఉంచాలి.

ప్రైమర్, రంగుల కొనుగోలు

స్ప్రే డబ్బాతో ఇరవై ఓడలు పావుగంటలో అయిపోతాయి. కానీ విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో వానాకాలంలో స్ప్రే కొడితే తడి గాలికి పొర గరుకుగా, ఇసుక చల్లినట్టు దిగుతుంది. చెక్కిన గీతలు పోతాయి, దాన్ని మళ్లీ తుడవడం తప్ప మార్గం లేదు. పైగా స్ప్రే డబ్బాలు విమాన పార్సిల్‌లో రావు, ఊళ్లో దొరికినవే కొనాలి. తీరంలో ఉండేవారికి, బాల్కనీ లేనివారికి బ్రష్‌తో వేసే ప్రైమర్ మేలు. రెండు పలుచని పూతలు, మధ్యలో గంట.

ఫెవిక్రిల్ లాంటి చేతిపనుల రంగులు సముద్రపు పలకలకు నిక్షేపంగా వాడండి, ఖర్చు చాలా తగ్గుతుంది. ఫిరంగి చారలకు మాత్రం వద్దు, పొర మందంగా వచ్చి చిన్న గీతలను పూడ్చేస్తుంది. ఓకర్, నలుపు, బ్లాక్ గ్రే, బఫ్, ఇరాకీ శాండ్, ఐవరీ, డెక్ టాన్, గోధుమ వాష్, ఈ ఎనిమిది సీసాలు మాత్రం మోడల్ రంగులే కొనండి. ఇరవై ఓడలకు పైగా వస్తాయి.

ఏడాదిని బట్టి రంగు, జెండా

1782లో సదరాస్, నాగపట్నం ముందు ఫ్రెంచి అడ్మిరల్ సుఫ్రెన్, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్ తలపడిన యుద్ధాలు ఆడేవారు చదరంగం గళ్లు వేయకూడదు. అప్పటి ఓడల పక్కలు వార్నిష్ చేసిన చెక్క రంగు, నీటికి దగ్గరగా నల్లటి పట్టీ. బ్రిటిష్ జెండాలోని యూనియన్ గుర్తులో ఎర్ర ఏటవాలు గీతలు ఉండవు, అవి 1801లో చేరాయి. ఫ్రెంచివారిది తెల్ల జెండా. వారి మూడు రంగుల జెండా 1794 నుంచి. స్పానిష్ నౌకాదళపు ఎరుపు, పసుపు, ఎరుపు జెండా 1785 నుంచి.

1804, 1805కు వస్తే చారల విషయంలో అందరికీ ఒకే ఆజ్ఞ లేదు, కెప్టెన్ల ఇష్టాన్ని బట్టి ఉండేవి. అందుకే దళమంతా ఒకే పసుపు వేయకండి, మూడు సీసాల్లో మూడు ఛాయలు కలిపి పెట్టుకోండి. ట్రఫాల్గర్‌కు మాత్రం ఒక చిన్న గుర్తు ఉంది. శత్రువుల స్తంభాల చుట్టూ ఇనుప పట్టీలు నల్లగా ఉంటాయని, పొగలో తేడా తెలియాలని నెల్సన్ తన ఓడల పట్టీలకు పసుపు వేయించాడు. 1/1200లో ఇది నాలుగు బ్రష్ తాకుళ్ల పని, వేసి చూడండి, రెండు దళాలూ బల్ల మీద నిజంగానే విడిగా కనిపిస్తాయి.

జెండా ఎగిరే దిక్కులో పొరపాటు చాలా మంచి ఓడలను పాడుచేస్తుంది. మోటారు పడవలా జెండా ఎప్పుడూ వెనక్కి ఎగరదు. తెరచాప ఏ వైపుకు పొంగిందో జెండా కూడా ఆ వైపుకే ఎగరాలి. గాలి వెనక నుంచి వస్తుంటే జెండా ముందుకే సాగుతుంది.

అడుగు పలక

2 లేదా 3 మి.మీ. ఎండీఎఫ్ కానీ ఆక్రిలిక్ షీటు కానీ. పొడవు ముక్కు కొయ్య కొసను, వెనక తెరచాప కొయ్యను దాటి ఉండాలి. అప్పుడు రెండు ఓడలు గుద్దుకున్నా పలకలు తగులుతాయి, కొయ్యలు విరగవు. అలలకు గరుకు వాటర్ కలర్ కాగితం అంటించి ముదురు నీలం వేయడం చవక, వేగం. మందపాటి ఆక్రిలిక్ జెల్‌తో అలలు తీర్చడం అందం, కానీ ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. ఏది వాడినా ఓడ వెనక తెల్ల నురగ కొంచెమే వేయండి. ట్రఫాల్గర్ నాడు గాలి మందంగా ఉండి ఓడలు మనిషి నడక వేగంతో శత్రువు మీదికి సాగాయి.

ఎవరికి ఏది

రంగు వేయడం మీకు శిక్షలా అనిపిస్తే 1/1000 రంగు ఓడలు కొని తెరచాపలకు వాష్ వేసి ఆడేయండి. ఆరు నుంచి పది ఓడలతో ఫ్రిగేట్ పోరాటాలు, విశాఖపట్నం లాంటి చిన్న సంఘటనలు ఆడాలనుకుంటే, తాళ్లు కట్టడం ఇష్టమైతే 1/700. పిల్లలతో కలిసి ఆడే ఇంట్లో కూడా ప్లాస్టిక్ నయం, లోహపు స్తంభం వంగితే రెండోసారికి విరుగుతుంది. పదిహేను నుంచి ముప్పై ఓడలైతే 1/1200, యుద్ధ తెరచాపలు, ఇత్తడి నిచ్చెనలు, అడ్మిరల్ ఓడలు రెండింటికి మాత్రమే మోకులు. అరవై కావాలంటే 1/2400, తాళ్లు లేకుండా, పదేసి చొప్పున.

ఏది ఎంచుకున్నా మొదటి ఆర్డరులో రెండు ఓడలకు మించి కొనకండి. ఒకదాన్ని పలక, జెండా, వార్నిష్‌తో సహా పూర్తిచేసి, పట్టిన గంటలు రాసుకుని, మీకు కావలసిన ఓడల సంఖ్యతో గుణించండి. అలవాటయ్యాక అందులో మూడో వంతు తగ్గుతుందనుకున్నా, ఆ అంకె మీకున్న ఆదివారాలకు సరిపోకపోతే రెండో ఓడకు తాళ్లు మానేసి మళ్లీ లెక్క వేయండి. అప్పుడు కూడా సరిపోకపోతే ఇంకా చిన్న స్కేలు తీసుకోండి.